చీనా నీలిపింగాణిపై శబ్దధ్వని

చీనాదేశపు నీలిపింగాణిని గుఱించి వ్రాసినవారిలో పెక్కుమంది, ఆ పాత్రలపై కన్పట్టు బొమ్మలకు ఒక చిన్న నిఘంటువును కూర్చి పాఠకుని చేతికిత్తురు. గబ్బిలమనగా భాగ్యము, చేప యనగా సమృద్ధి, జింక యనగా రాజోద్యోగము, దేవదారు వృక్షమనగా దీర్ఘాయువు, తామర యనగా నిర్మలత్వము: ఇట్లు రెండు వరుసల పట్టిక. 1930 దశాబ్దిలో సి. ఏ. ఎస్. విలియమ్స్ అను ఆంగ్లేయుడు చీనా ప్రతీకలను అకారాదిక్రమమున కూర్చి ప్రకటించిన గ్రంథము ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణము. ఇట్టి పట్టికలు అసత్యములని నేననను. కాని అవి రెండు భిన్నజాతుల అర్థములను ఒకే గాటను కట్టుచున్నవి. దేవదారు దీర్ఘాయువును సూచించుట ఒక తెఱగు. గబ్బిలము భాగ్యమును సూచించుట పూర్తిగా మఱియొక తెఱగు. మొదటిది వస్తువును చూచినవాని కెవ్వనికైనను తట్టును. రెండవది చీనాభాష చెవిలో పడినవానికి మాత్రమే తట్టును. ఈ భేదమును గుర్తింపక ఆ చిత్రములను చదువుట, కావ్యమును ప్రతిపదార్థముతో ముగించి శ్లేషను విడిచిపెట్టుట వంటిది.

ముందుగా వస్తువును గుఱించి కొంత చెప్పవలయును. నీలిపింగాణికి ప్రధానస్థానము జియాంగ్సీ రాష్ట్రమందలి జింగ్డెజెన్ పట్టణము. తెల్లని మెత్తని మన్నును, ఒక జాతి రాతిపొడిని కలిపి పాత్రను చేసి, అది పచ్చిగా నున్నపుడే కోబాల్టు రంగుతో బొమ్మ వ్రాసి, పైన గాజుపూత పూసి, సుమారు 1300 డిగ్రీల వేడిలో కాల్తురు. వ్రాయునపుడు ఆ రంగు మసివలె నుండును. నీలిమ నిప్పులోనే పుట్టును. పచ్చిమన్ను రంగును వెంటనే పీల్చుకొనును గనుక దిద్దుబాటునకు తావు లేదు. 14వ శతాబ్దిలో, మంగోలుల యువాన్ వంశము ఏలుచున్న కాలమున, ఈ కళ పరిపక్వమైనది. అప్పటి మేలిరంగు పారసీకదేశమునుండి వచ్చెడిది. లండను బ్రిటిష్ మ్యూజియమునందు డేవిడ్ కలశములని పేరొందిన జంటపై 1351వ సంవత్సరమునకు సరియగు తేదీ కలదు. జాంగ్ వెన్‌జిన్ అను భక్తుడు కుటుంబక్షేమము కోరి వానిని ఒక ధూపపాత్రతో గూడ ఆలయమునకు సమర్పించినట్లు వానిమీది లేఖనమే చెప్పుచున్నది.

1712లో జింగ్డెజెన్ పింగాణిని గుఱించి లేఖ వ్రాసిన ఫ్రెంచి పాదరీ దాంత్రకోల్, ఒక్క పాత్ర 70 మంది చేతులు మాఱునని పనివారు చెప్పగా విన్నాడు. రేఖ గీయువాడొకడు, రంగు నింపువాడొకడు. కావున ఇచట బొమ్మ ఒక్కని భావావేశమునుండి వెలువడినది కాదు. అది పదుగురి నోట నలిగిన మాటవంటిది. చిత్రకారుడు దానిని కొత్తగా పుట్టించుట లేదు. భాషనుండి తీసికొని వాడుచున్నాడు.

ఇక ఆ మాటలను వినుడు. చీనాభాషలో ఒకే ధ్వని పెక్కు పదములకు చెల్లును. వ్రాతలో మాత్రమే అవి వేఱువేఱు అక్షరములు. గబ్బిలమును ‘బ్యెన్‌ఫు’ అందురు. దానిలోని ‘ఫు’, భాగ్యమను అర్థముగల ‘ఫు’తో ఉచ్చారణమందే కాక స్వరమందును ఏకమగును. అందువలన ఐదు గబ్బిలములను గీచినచో పంచభాగ్యములు: దీర్ఘాయువు, ఐశ్వర్యము, క్షేమము, ధర్మాసక్తి, కాలము నిండిన సుఖమరణము. ఈ ఐదింటి గణన వారి ప్రాచీనగ్రంథమైన ‘షూజింగ్’లోనే కలదు. గబ్బిలమును తలక్రిందుగా గీచుటయు కద్దు. ‘తలక్రిందు’ అను మాటయు ‘వచ్చినది’ అను మాటయు ఒకే రీతి ధ్వనించుటచేత ఆ బొమ్మకు ‘భాగ్యము వచ్చినది’ అని అర్థము. చేప ‘యు’, మిగులుబాటును ‘యు’. జింక ‘లు’, ఉద్యోగి జీతమును ‘లు’. కలశము ‘పింగ్’, శాంతియు ‘పింగ్’. పూరేడుపిట్ట పేరులోని తొలి యక్షరము ‘ఆన్’, క్షేమమును ‘ఆన్’. కొంగ యొకటి తామరల నడుమ నిలిచినచో అది ఒక వాక్యమే యగును: ఒకే దారిని వరుసగా పరీక్షలన్నియు గెలుతువు గాక యని. కొంగ పేరు ‘లు’, దారియు ‘లు’. తామర ‘లియెన్’, ఎడతెగకుండుటయు ‘లియెన్’. పరీక్షకు పోవు కుమారుడున్న యింట ఈ బొమ్మగల పాత్రకు ఎంత గౌరవముండునో ఊహింపవచ్చును.

మనకు గబ్బిలము అపశకునము. పాడుగోడలకు, చీకటికి చెందినది. జాషువ మహాకవి 1941లో వెలువరించిన కావ్యమున దానినే దూతగా నియమించినపుడు, ఆ ప్రాణికి లోకమందున్న అనాదరమే ఆ కల్పనకు బలమైనది. వెలివేయబడిన మనుష్యునికి వెలివేయబడిన పక్షియే తోడు. అచట గబ్బిలము అర్థవంతమగుట దాని రూపమువలన, నివాసమువలన, దానిపై లోకమునకు గల ఏవగింపువలన. చీనా పళ్ళెముపై వీనిలో ఏదియు పనిచేయదు. ఆ ప్రాణి నల్లనిదా, రాత్రి తిరుగునదా యని అడుగు పనియే లేదు. దాని పేరు చాలును.

ఈ భేదమును తేల్చుటకు మన ఆలంకారికుల పరిభాష మిక్కిలి ఉపకరించును. 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు శబ్దశక్తివలన పుట్టు ధ్వనిని, అర్థశక్తివలన పుట్టు ధ్వనిని వేఱుపఱచినాడు. మమ్మటాదులు శబ్దాలంకారమును గుర్తించుటకు పరివృత్తిని పరీక్షగా వాడిరి: పదమును తీసి పర్యాయపదమును పెట్టి చూచునది. చమత్కారము నిలిచినచో అది అర్థమునకు చెందినది. చెడినచో శబ్దమునకు చెందినది. చీనా చిత్రములకు ఈ పరీక్షను పెట్టుడు. శీతకాలపు మిత్రత్రయమని వారు చెప్పు దేవదారును, వెదురును, మంచులో పూచు మెయ్‌పూవును ఏ భాషలో ఏ పేరున పిలిచినను, చలికి లొంగని ధైర్యమను భావము చెక్కుచెదరదు. దేవదారు ఆకు రాల్చదు. చూచినవాని కది చాలును. గబ్బిలమును ‘గబ్బిలము’ అని తెలుగు చేసిన మఱుక్షణమున భాగ్యము ఎగిరిపోవును. పింగళి సూరన ‘రాఘవపాండవీయము’ను మఱియొక భాషలోనికి తెచ్చువాడు రామకథనో, భారతకథనో ఒకదానిని విడువక తప్పని ఇక్కట్టు ఇటువంటిదే.

ఎల్లకు ఆవల పాఠము చెప్పు తెలుగు ఉపాధ్యాయునికి ఈ ఇక్కట్టు పుస్తకములలోనిది మాత్రమే కాదు. ‘పాలు’ అను మాటలో తెలుగువానికి క్షీరమును కలదు, వంతును కలదు. ఆ రెంటిని పెనవేసిన పద్యమో, పొడుపుకథయో నాలుగు తరములుగా కన్నడదేశమున పెరిగిన మా తెలుగుబాలునికి చెప్పినచో వాడు ఒక నిమిషము తటపటాయించును. వాని వీథిభాషలో క్షీరము ‘హాలు’, వంతు ‘పాలు’. వానికి రెండు అర్థములును తెలియును. అవి కలిసికొను చోటు మాత్రము తెలియదు. అదే పద్యము తమిళసీమలో పెరిగిన బాలునికి చెప్పినచో పట్టును, ఏలయన అచట ‘పాల్’ రెంటికిని చెల్లును. భాషతో అర్థమంతయు పోదు. మొదట పోవునది ఈ కూడలి.

మఱల పింగాణికి వత్తము. శబ్దార్థములు రెండును కలిసి పనిచేయు చిత్రములును కలవు. వానిని మన శాస్త్రము ఉభయశక్తిమూలములలో చేర్చును. వెదురు చలికి లొంగదనుట అర్థశక్తి. కాని వెదురుకణుపును చెప్పు ‘జ్యె’ అను మాటకు శీలము, నియమము అనియు అర్థము కలదు. సంస్కృతమున కణుపును పర్వమే, పండుగయు పర్వమే. కావున వెదురును గీచి పండుగను ధ్వనింపజేయుట మనకు సాధ్యము, శీలమును ధ్వనింపజేయుట సాధ్యము కాదు.

తామర కథ ఇంతకంటె రసవత్తరము. బౌద్ధముతోబాటు మనదేశమునుండి ఈ పుష్పమునకు ఒక పవిత్రార్థము చీనాకు వెళ్ళినది. 11వ శతాబ్దిలో జౌ దున్‌యీ అను తత్త్వవేత్త (1017–1073) తామరపై తనకు గల ప్రీతిని ఒక చిన్న వ్యాసముగా వ్రాసి, బురదలో పుట్టియు మలినము కాని సజ్జనునితో దానిని పోల్చెను. యువాన్ నాటి నీలిపింగాణిలో నలుగురు మహనీయుల నాలుగు ప్రీతులను చూపు కలశములు కలవు; వానిలో ఒకటి హూబె రాష్ట్రపు మ్యూజియమున నున్నది. జౌ దున్‌యీ అచట తామరలను చూచుచు నిలుచును. ఇంతవఱకు అర్థశక్తియే. తరువాత భాష తన పని తాను చేసినది. ‘చింగ్ లియెన్’ అనగా నీలితామర. అదే ధ్వనికి లంచమెఱుగని అధికారి నిర్మలవర్తనము అనియు అర్థము. బురదయంటని పూవు చేయి తడుపుకొనని ఉద్యోగి యయ్యెను. ఉపమానము శ్లేషగా గట్టిపడినది. తామరకు గల మఱియొక పేరు ‘హ’, సామరస్యమును ‘హ’. మన తామరయే అయినను, ఆ నేలలో వేరుపాఱిన తరువాత దాని గంధము వేఱు.

అన్నిటికంటె చిక్కైనది చేప. మిగులుబాటునకు చేప, జలద్వారమును ఎగిరి దాటి నాగరూపమును పొందు గండుచేప పరీక్షలో గెలిచిన విద్యార్థి, జంటచేపలు దాంపత్యము, బౌద్ధుల అష్టమంగళములలోని మత్స్యయుగ్మము మఱియొకటి. జ్వాంగ్‌జీ కథయు కలదు. వంతెనమీద నిలిచి చేపల యానందమును గుఱించి ఆయన మాటాడగా, చేపవు కాని నీకు దాని యానందమెట్లు తెలియునని మిత్రుడడుగును. నేను కాని నీకు నాకు తెలియదని యెట్లు తెలియునని ఆయన ఎదురడుగును. ఈ కథ తెలిసిన విద్వాంసునికి చేప స్వేచ్ఛకు గుర్తు. మఱి ఒకానొక పాత్రపై చేప కన్పట్టినపుడు వీనిలో దేనిని గ్రహింపవలయును?

నిఘంటువు ఇచట చేతులెత్తివేయును. భర్తృహరి ‘వాక్యపదీయము’న నానార్థపదమునకు అర్థనిర్ణయము చేయు హేతువులను చెప్పినాడు: సంయోగము, విప్రయోగము, సాహచర్యము, ప్రకరణము, ఔచిత్యము, దేశము, కాలము మొదలైనవి. శంఖచక్రములు తోడున్న ‘హరి’ విష్ణువే గాని కోతియు సింహమును కాడు. చేపకును ఇదే న్యాయము. తామరతో కూడిన చేప ఏటేట మిగులుబాటు. ఎగసిపడు కెరటములతో, ద్వారముతో కూడినచో పరీక్ష. శంఖము, చక్రము, ఛత్రము తోడున్నచో అష్టమంగళము. ఏ సంకేతమును లేక నాచు నడుమ ఊరక ఈదుచున్నచో జ్వాంగ్‌జీ. అమెరికాలోని బ్రూక్లిన్ మ్యూజియమున యువాన్ కాలపు చేపలజాడీ యొకటి కలదు. దానిపై నాలుగు జాతుల చేపలు నాచుమొక్కల నడుమ ఈదుచుండును. ఆ నాలుగు జాతుల పేర్లను వరుసగా పలికినచో, నిష్కళంకమైన నిజాయతీ యను నర్థమిచ్చు పదబంధము ధ్వనించునని కొందఱు చెప్పుదురు. అందమైన వ్యాఖ్యయే. కాని గుండ్రని జాడీకి మొదలేది? ఏ చేపనుండి చదువ నారంభింపవలయును? నామటుకు ఆ చేపల మొప్పలను, నాచుతీగల వంపును, నీటిగీత యొక్కటియు లేకయే నీటిని చూపిన నేర్పును చూచినచో, ఆ చిత్రకారుడు మొదట చేపలను ప్రేమించినవాడని తోచును. శ్లేష ఉన్నను అది రెండవది.

కాలమను హేతువును మఱువరాదు. ఈ శుభశ్లేషలు వెల్లువగా వచ్చినది మింగ్ వంశపు ఉత్తరార్ధమునను, అంతకంటె హెచ్చుగా 18వ శతాబ్దిలో చింగ్ వంశపు కాలమునను. గబ్బిలముల గుంపులు ఆనాటివి. 14వ శతాబ్ది పాత్రలమీది ప్రతి చేపయందును ఈ తరువాతి శ్లేషలను వెదకుట, నన్నయ పద్యమున ప్రబంధకవుల చమత్కారములను వెదకుట వంటిది. యువాన్ నాటి పెద్ద పళ్ళెములలో పెక్కు పశ్చిమాసియా విపణికై చేసినవి. పదిమంది ఒకే పళ్ళెమున భుజించు ఆచారమునకు తగినంత విశాలమైనవి. కొనువానికి వినిపింపని శ్లేషను చేయువాడు ఉద్దేశించెనా, లేక అలవాటున గీచెనా? రెండవదే ఎక్కువ సంభవమని నా యభిప్రాయము.

ప్రయాణమున ఈ పాత్రలకు సంభవించినది కొంత వినోదము, కొంత విషాదము. 1611లో షా అబ్బాసు తన చీనా పింగాణిని అర్దబీల్ పుణ్యస్థలమునకు సమర్పించినాడు. రిబ్బనుతో కట్టిన తామరగుత్తి గల 15వ శతాబ్ది పళ్ళెములు ఆ సంగ్రహమున కలవు. ‘చింగ్ లియెన్’ అచట వినిపింపదు. గుత్తి మాత్రము నిలిచినది. షా తహ్మాస్ప్ సోదరి మాహీన్ బానూ తన ద్రాక్షల పళ్ళెముపై దానముద్రను చెక్కించి మష్హదు పుణ్యస్థలమున కిచ్చినది. అదే పళ్ళెము తరువాత మొగలుల చేతికి వచ్చి షాజహాను పేరును, 1643–44 నాటి తేదీని మోసినది. చీనామాట వినిపింపనిచోట యజమానులు తమ మాటను చెక్కుకొనిరి. పారసీక కుమ్మరులు చీనా పాత్రలను అనుకరించునపుడు అడుగునగల రాజముద్రాక్షరములను గూడ అనుకరించిరి. చదువరాని ఆ యక్షరములు క్రమముగా కుచ్చువంటి గీతలుగా మాఱిపోయినవి. 18వ శతాబ్ది చివర ఇంగ్లండులో అచ్చుపద్ధతిని ‘విల్లో’ చిత్రము వెలసినది: వంతెన, వంగిన చెట్టు, ఆకసమున రెండు పక్షులు. పారిపోయిన ప్రేమికులు పక్షులైరను కథను దానికి కల్పించినదియు ఆంగ్లేయులే. చీనాలో ఆ కథ లేదు. మాట పోయిన బొమ్మకు మఱియొకరు తమ మాటను తొడుగుదురు.

మన దేశమునకును ఈ పాత్రలు చిరకాలమునుండి వచ్చుచుండెను. నెల్లూరు తీరమున కొత్తపట్నమునను, తమిళతీరమున పెరియపట్టినమునను చీనా మృత్పాత్రల పెంకులు దొరకినవి. హంపి త్రవ్వకములందును చీనా పింగాణి పెంకులు బయటపడినవి. ఇచటి భాషలు వస్తువునకు పేరు పెట్టుటకు చీనామాటను తీసికొనలేదు. మన ‘పింగాణి’, కన్నడిగుల ‘పింగాణి’, తమిళుల ‘పీంగాన్’ పారసీకుల ‘పింగాన్’నుండి వచ్చినవి. దారిలోని వర్తకుని మాటయే మనకు దక్కినది. ప్రభువుల వంటయిండ్లలో పచ్చపింగాణి పళ్ళెమున విషాన్నము పెట్టినచో పళ్ళెము పగులుననియో, రంగు మాఱుననియో నమ్మకముండెడిది. అదియు ఒక కొత్త యర్థమే. చీనా కుమ్మరికి తెలియనిది.

ఎదురుదారిని వెళ్ళిన అక్షరములును కలవు. శ్వాన్‌దె చక్రవర్తి కాలమున (1426–1435) జింగ్డెజెన్‌లో చేసిన నీలిపింగాణిపై లాంఛా లిపిలో భారతీయ మంత్రాక్షరములు చక్రాకారమున వ్రాయబడినవి. జెంగ్దె చక్రవర్తి కాలమున (1506–1521) వ్రాతబల్లపై నుంచుకొను సామగ్రిమీద అరబ్బీ, పారసీక వాక్యములు వచ్చినవి. ఆ యక్షరములను గీచిన పనివారిలో వానిని చదువగలిగినవారు మిక్కిలి అరుదై యుందురు. మంత్రాక్షరముల విషయమున ఇది లోపము కాదు. ఏలయన మంత్రమునకు పర్యాయపదము లేదు, శబ్దమే సర్వము. పరివృత్తిని ఎంతమాత్రము సహింపని శబ్దమునకు ఇంతకంటె గొప్ప ఉదాహరణము ఉండదు.

హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియమున చీనా పింగాణి సంగ్రహము కలదు. అట్టి పాత్రలను తెలుగున వర్ణించుటకు పూనుకొనువారు ప్రతి చిత్రమునకును మూడు సంగతులను చేర్చుట మేలు: దాని చీనా పేరు ఉచ్చారణ, ఆ ఉచ్చారణకు గల రెండవ యర్థము, ఆ శ్లేష వాడుకలోనికి వచ్చిన కాలము. చేపకు ఎదురుగా ‘సమృద్ధి’ అని వ్రాసి ఊరకుండరాదు. ‘యు’ అనియు వ్రాయవలయును. దేవదారునకు మాత్రము ఏమియు వ్రాయకున్నను లోటు లేదు.